మేడమ్ పర్సులో మాత్రల అట్టలు

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఓడరేవు గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఫోన్ చేసింది ఆవిడ తమ్ముడు. లారీల హారన్ల మధ్య సగం మాటలు వినపడలేదు గానీ, "అమ్మా, మా అప్ప ఎల్లిపోనాది" అన్నది మాత్రం వినపడింది. పొద్దున్నే పెరట్లో పళ్ళు తోముకుంటూ కూలబడ్డారట. ఆసుపత్రిలో స్కానింగ్ చేసి, మెదడులో రక్తనాళం చిట్లిందన్నారట. సాయంత్రం దాకా కూడా ఉండలేదు.

తర్వాత రెండు రోజులకి వాళ్ళింటికి వెళ్ళాను. మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. కాలేజీలో పనిచేసినన్నాళ్ళూ, రిటైరయ్యాకా సముద్రం ఒడ్డున తమ్ముడింట్లోనే ఒక గదిలో ఉండేవారు. తమ్ముడికి అరవై దగ్గరపడుతున్నా ఇప్పటికీ పడవేసుకుని వేటకి వెళతాడు. ఆయన్ని నేను మావయ్యా అని పిలుస్తాను. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, లోపల్నుంచి మేడమ్ నల్ల పర్సు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"బిళ్ళలమ్మా, తలనొప్పి బిళ్ళలు. ఎప్పుడూ ఈ పర్సులో ఎట్టుకునే తిరిగీదంట, మీ కాలేజీవోళ్ళు సెప్పినారు. డాట్రుబాబు అడిగినాడు, మీ అప్పకి తలనొప్పులు వొచ్చేవా అని. నానేటి సెప్పను? ఒక్కనాడు నాతో అననేదు. పక్క గదిలో నొప్పితో తొంగుంటే నాను సూసుకోనేదా? ముందే ఆసుపత్రికి అట్టుకెల్తే బతికీదేమో. నువ్వు అప్పకాడ సదువుకున్నావు. నువ్వు సెప్పు, అప్పకి తలనొప్పులున్నాయా?"

పర్సు తెరిచి చూశాను. మాత్రల అట్టలు రెండున్నాయి. అందులో ఒకటి ఎందుకుందో నాకు బాగా తెలుసు. రెండోదాన్ని చూసే ఆగిపోయాను. ఆయనకి ఏ జవాబు చెప్పాలో తేల్చుకోలేక, ముందు మేడమ్ గురించి మాట్లాడడం మొదలుపెట్టాను. మీకూ అక్కణ్ణుంచే చెబుతాను.

మా మేడమ్ అంత భయస్తురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గుండె నిబ్బరం గలవాళ్ళని రాయడం అలవాటు. అలా రాస్తే ముందు ఆవిడే నవ్వుతారు. తన గదికి తాళం వేసి, వీధి చివరిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసేవారు. నాలుగడుగులు వేసి ఇంకోసారి. గ్యాసు కట్టేశారో లేదో చూడమని ల్యాబు నుంచి మరదలికి ఫోన్ చేసేవారు. గాజువాక వెళ్ళే షేర్ ఆటో ఎక్కేముందు, వెనకాల ఎవరైనా గ్యాసు సిలిండరు పెట్టారేమోనని వంగి చూసేవారు. డ్రైవర్లు ఆవిడని చూడగానే "ఏటీ నేదు మేడమ్, ఎక్కండి" అని ముందే చెప్పేసేవారు. అయినా వంగి చూసేవారు.

ఒకసారి మమ్మల్నందరినీ సింహాచలం తీసుకెళ్ళారు. క్యూలో మేము ప్రసాదం గురించి మాట్లాడుకుంటుంటే, ఆవిడ మాత్రం తొక్కిసలాట జరిగితే ఎటు పోవాలో వేలితో చూపించి మరీ చెప్పారు. దర్శనం అయ్యాక ఏం కోరుకున్నారు మేడమ్ అని అడిగాం. "కోరుకోవడానికి టైమెక్కడిది, మిమ్మల్ని లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయింది" అన్నారు.

ఇంత భయస్తురాలు ఎంచుకున్న పని పేలుడు పదార్థాలని లేజరుతో గుర్తుపట్టడం.

నేను పరిశోధనకి చేరదామని ఆవిడ దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, "నీకు భయం వేస్తుందా?" మా నాన్న స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. ఆ గొప్పతోనే "అస్సలు వెయ్యదు మేడమ్" అన్నాను. "అయితే ఇంకో ల్యాబు చూసుకోమ్మా" అన్నారు. నాకు మతిపోయింది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "కొంచెం వేస్తుంది" అన్నాను. "ఆ కొంచెం పోకుండా చూసుకో. రేపు పదింటికి రా" అన్నారు.

ఆ పని వినడానికి ఎంత భయంగా ఉంటుందో చూడడానికి అంత చప్పగా ఉంటుంది. వస్తువుని ముట్టుకోనక్కర్లేదు. దాని మీద సన్నటి లేజరు కాంతి వేస్తాం. పడిన కాంతిలో చాలా భాగం పడినట్టే తిరిగొస్తుంది. ఏ కొంచెమో మాత్రం రంగు మారి వస్తుంది. ఎంత మారిందన్నది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. పంచదారది ఒక తీరు, యూరియాది ఒక తీరు, బాంబు మందుది ఇంకో తీరు. దూరం నుంచి నడక చూసి మనిషిని పోల్చుకుంటామే, అలాగ. తెర మీద ఎగుడుదిగుడుగా ఒక గీత వస్తుంది. ఏ శిఖరం ఏ అంకె దగ్గర ఉందో చూసి, ఇది ఫలానా అని యంత్రం పేరు చెబుతుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని స్పెక్ట్రోస్కోపీ అంటారు.

చిక్కంతా ఆ అంకెల్లోనే ఉంది. పేలుడుకి వాడే ఒక లవణానికీ, తోటలకి వాడే ఇంకో లవణానికీ శిఖరాలు పక్కపక్కనే ఉంటాయి. యంత్రం కాస్త పక్కకి జరిగిందంటే ఒకదాని పేరు ఇంకోదానికి తగిలించేస్తుంది. అందుకని మేడమ్‌కి ఒక పద్ధతి ఉండేది. ఏ పరీక్షకైనా ముందు పర్సులోంచి పారాసెటమాల్ అట్ట తీసి, చింపకుండానే, ప్లాస్టిక్ వైపు నుంచి మాత్ర మీద లేజరు వేసేవారు. ఆ మందు శిఖరాలు ఎక్కడెక్కడ ఉండాలో ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. యంత్రం దాన్ని సరిగ్గా పోల్చుకుంటేనే అసలు పని. "ముందు తెలిసినదాన్ని అడగండి. దాని గురించి నిజం చెబితే, అప్పుడు తెలియనిదాన్ని అడుగుదాం" అనేవారు.

ఈ సంగతి పక్క డిపార్టుమెంట్ల వాళ్ళకి తెలీదు. మీటింగుల్లో ఆవిడ పర్సు తెరిచినప్పుడల్లా అట్ట కనపడేసరికి, పాపం ఈవిడకి తలనొప్పుల జబ్బని అందరూ నిర్ణయించేసుకున్నారు. ఒక ప్రొఫెసరు గారు జాలిపడి తలకి రాసుకునే తైలం సీసా కూడా తెచ్చిచ్చారు. మేడమ్ వినయంగా పుచ్చుకుని, ల్యాబు బీరువా తలుపు కీచుమంటోందని దాని మడతబందులకి రాశారు.

ల్యాబులో ఆవిడతో వేగడం కష్టమే. ఆవగింజ కంటే పెద్దది ఏదీ బల్ల మీద పెట్టనిచ్చేవారు కాదు. నల్లటి పొడి మీద నేరుగా లేజరు వేయనిచ్చేవారు కాదు, నలుపు వేడి లాక్కుని అంటుకుంటుందని. మేము విసుక్కునేవాళ్ళం. "ఏం కాదు మేడమ్, నేనున్నాను కదా" అని ఎవరైనా అన్నారో, ఇక అంతే. "నాకు ధైర్యం చెప్పకు. కొలత చెప్పు." ఆ మాట మేము వెనకాల ఆవిడ గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

ఆ భయం ఎక్కడిదో ఒక్కసారే చెప్పారు. వాళ్ళ నాన్నదీ సముద్రం మీద వేటే. ఆ రోజుల్లో కొందరు దొంగచాటుగా నీళ్ళలో డైనమైటు తూటాలు పేల్చి చేపలు పట్టేవారు. ఒక ఏడాది వలలకి ఏమీ పడక, ఆయన కూడా ఎవరి దగ్గరో ఒక తూటా తెచ్చుకున్నాడు. అది తడిసింది. ఇంక పేలదులే, ఏం కాదు, తీసి అవతల పెట్టు అని పడవలో ఎవరో అన్నారు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. తర్వాత ఆయనకి అన్నం కలిపి ముద్దలు పెట్టింది అప్పటికి బడికెళ్ళే పిల్లగా ఉన్న మా మేడమే. "పేలదని అన్నవాడికి ఎలా తెలుసు? తెలీదు. ధైర్యం చెప్పాడంతే" అన్నారు. ఆ రోజు నుంచి మేము ఆవిడ గొంతు అనుకరించడం మానేశాం.

నేను ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్నప్పుడు ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మామిడి పిందె పట్టే కాలం, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఓడరేవు బయట ఒక సరుకుల యార్డు గేటు దగ్గర, కాంట్రాక్టు కూలీ ఒకతని బండి మీద బియ్యం సంచిలో తెల్లటి పలుకులు దొరికాయి. అక్కడున్న చేతి లేజరు యంత్రం వాటిని అమ్మోనియం నైట్రేటు అంది. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోకూడని సరుకది. పోలీసులకి అప్పగించేముందు, ఆ యంత్రం వాడకం నేర్పిన మేడమ్‌ని ఒక మాట అడుగుదామనుకున్నారు.

కాలేజీ జీపులో వెళుతున్నంతసేపూ మేడమ్ చేతులు వణుకుతూనే ఉన్నాయి. "అవునని తప్పు చెబితే ఒక మనిషి జైలుకి పోతాడు. కాదని తప్పు చెబితే ఎంతమంది పోతారో" అన్నారు. ఏం కాదు మేడమ్ అనబోయి నోరు మూసుకున్నాను.

యార్డులో అందర్నీ దూరంగా పంపేశారు. నడిమధ్య ఎండలో సంచి ఒక్కటే ఉంది. ఆ మనిషి గేటు గది గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా మొత్తం చెమటకి తడిసిపోయింది. మమ్మల్ని చూసి లేచి చేతులు జోడించాడు.

"మావిడి సెట్లకి కొట్టే మందమ్మా. మా ఊరోళ్ళం నలుగురం ఇక్కడే పన్జేస్తన్నాం. కలిసి ఒక బస్తా కొని పంచుకున్నాం. పేరు రాసున్న గోతాం మా బావ అట్టుకుపోనాడు. నాకు ఈ బియ్యం సంచిలో పోసిచ్చినారు. డూటీ దిగి ఊరెల్దామని బండి మీదెట్టినాను. మా యమ్మ తోడు."

మా వైపు అది మామూలే. పది చెట్లున్నవాడికి బస్తా మందు ఎక్కువ, అందుకని నలుగురూ కలిసి కొంటారు. పేరున్న గోతాం ఒకరింటికి పోతుంది, మిగతా ముగ్గురిళ్ళలో పేరులేని తెల్ల పలుకులు ఉంటాయి. ఇంట్లో ఉన్నంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. గేటు దగ్గరికొచ్చేసరికి అదే అతని మెడకి చుట్టుకుంది.

సెక్యూరిటీ ఆఫీసరు యంత్రం తెర చూపించాడు. "రెండుసార్లు చూశాం మేడమ్. రెండుసార్లూ అదే చెప్పింది."

మేడమ్ తెర వైపు చూడలేదు. "దీన్ని పొద్దున్నుంచీ ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. జీపులో, అద్దం ముందు అన్నాడు. పట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంది. ఆవిడ పర్సు తెరిచి మాత్రల అట్ట తీశారు.

"తలనొప్పిగా ఉందా మేడమ్? నీళ్ళు తెప్పించమంటారా?" అన్నాడు ఆఫీసరు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

మాత్ర మీద లేజరు వేస్తే యంత్రం తెల్లమొహం వేసింది. ఏ పేరూ చెప్పలేకపోయింది. శిఖరాలన్నీ వాటి వాటి చోట్ల నుంచి కాస్త పక్కకి జరిగి ఉన్నాయి. "దీనికే ఎండదెబ్బ తగిలింది. జ్వరం మాత్రనే పోల్చుకోలేనిది సంచిని ఏం పోల్చుకుంటుంది?" అన్నారు మేడమ్.

గదిలో ఫ్యాను కింద పెట్టించి, అది చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆఫీసరుకి పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ కూలీ మేడమ్ చేతుల వైపే చూస్తున్నాడు. ఆ చేతులు అట్టని తిప్పుతూనే ఉన్నాయి. మళ్ళీ మాత్ర మీద వేసి చూశారు. ఈసారి ప్రతి శిఖరం దాని చోట ఉంది. అప్పుడు సంచి వైపు నడిచారు. నన్ను రావద్దన్నారు. భుజాలు వెనక్కి లాగుతున్నట్టున్నాయి గానీ కాళ్ళు ఆగలేదు. ఆవిడ సంచిలో పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, అడుగున ఒకచోట చూశారు. అన్నిచోట్లా ఒకే పేరు వచ్చింది, పొటాషియం నైట్రేటు. మన పెద్దవాళ్ళు సురేకారం అనేవారు. మామిడికి నీళ్ళలో కలిపి కొట్టేది అదే.

"అయితే వీడు మంచోడే అన్నమాట" అన్నాడు ఆఫీసరు.

"మనిషి సంగతి నాకు తెలీదు. సంచిలో ఉన్నది ఇదీ" అన్నారు మేడమ్. తర్వాత కూలీ వైపు తిరిగి, "ఇది కూడా నిప్పుని ఎగదోసేదే బాబూ. పొయ్యి దగ్గర పెట్టకు. ఇంకెప్పుడైనా పంచుకుంటే పేరున్న గోతాం ముక్క కోసి నీ సంచిలో వేసుకో" అన్నారు. అతను ఏడుస్తూనే తలూపాడు. ఆ సాయంత్రమే అతన్ని ఊరికి పంపేశారు.

ఇంకెవరైనా అయితే అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఆవిడ చిటికెడు పలుకులు సీసాలో వేసుకుని ల్యాబుకి తెచ్చారు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్ద యంత్రం కూడా అదే పేరు చెప్పాకే టీ ముట్టుకున్నారు.

"నిన్న నేను చెప్పింది తప్పయి ఉంటే?" అన్నారు.

"తప్పు కాలేదు కదా మేడమ్."

"కాలేదని ఇప్పుడు తెలిసింది. ఇందాకటిదాకా తెలీదు కదా."

ఆ వేసవి చివర ఆ మనిషి బుట్టెడు మామిడిపళ్ళతో ల్యాబుకొచ్చాడు. మేడమ్ ఒక్కటే తీసుకుని మిగతావి మాకు పంచేశారు. ఆ ఒక్కటి కూడా కార్బైడు వేసి పండించలేదు కదా అని రెండుసార్లు అడిగాకే తిన్నారు.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా గేటు దగ్గరే. నా బ్యాగులోనూ ఒక అట్ట ఉంటుంది. పేలుడు మందు కాదని చెప్పి పంపేసిన ప్రతి సంచీ ఇంటికొచ్చాక కూడా నా వెంటే ఉంటుంది. అన్నం తింటుంటే గుర్తొస్తుంది. మా ఆయన ఏం కాదులే అంటే ఒళ్ళు మండుతుంది. ఈ కంగారు ఆవిడ నాకిచ్చిందే, నేనేమీ వద్దనుకోవడం లేదు. జరగని ప్రమాదాలకి ఎవరూ దండలు వేయరు గానీ, ఆవిడ భయం వల్ల సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రుణం తీరేది కాదు.

ఇదంతా మావయ్యకి చెప్పాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని విన్నాడు. పర్సులోంచి పాత అట్ట తీసి ఆయన చేతిలో పెట్టాను. ప్లాస్టిక్ మసకబారింది, అంచులు అరిగిపోయాయి, గడువు ఎప్పుడో దాటిపోయింది. మాత్రలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇది తినేది కాదు మావయ్యా, మిషన్‌ది. చూడండి, ఒక్కటీ చింపలేదు."

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఈ రెండు రోజుల్లో మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టు, ఆ మొహం తేటపడింది. "అయితే అప్పకి తలనొప్పి నేదన్నమాట. నాను సూసుకోక కాదన్నమాట."

లేదు మావయ్యా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆయన ఇకనుంచి కంటినిండా నిద్రపోతాడు. ఎవరూ నన్ను తప్పుపట్టరు. కానీ రెండో అట్ట నా ఒళ్ళోనే ఉంది. అది కొత్తది. అందులో రెండు గుంటలు ఖాళీగా ఉన్నాయి. దాన్ని పర్సులోకి తోసేసి జిప్పు వేసేద్దామా అనుకున్నాను. నాకు ధైర్యం చెప్పకు అన్న గొంతు, మేము నవ్వుకున్న ఆ గొంతే, చెవిలో వినపడింది. అట్టని ఆయన ముందుకి చాపాను.

"ఆ పాతదాని సంగతి నాకు తెలుసు మావయ్యా. దీని సంగతి తెలీదు. ఇందులో రెండు లేవు. మేడమ్‌కి తలనొప్పి వచ్చిందని చెప్పలేను, రాలేదనీ చెప్పలేను."

ఆయన కొత్త అట్ట అందుకున్నాడు. వెలుతురుకి పట్టి గుంటలు లెక్కపెట్టాడు. బయట ఎవరో వల దులుపుతున్న చప్పుడు వస్తోంది. ఎంత పని చేశాను, అబద్ధమైనా చెప్పాల్సింది అనుకున్నాను.

"ఒకటి నాకే ఇచ్చినాది" అన్నాడు చివరికి. "పోయినోరం వానలో తడిసొచ్చి జొరమొచ్చినాదంటే, మింగీసీదాకా కదల్నేదు. మింగినానా నేదా అని నోరు తెరిపించి మరీ సూసినాది." నవ్వాడు. నవ్వుతూనే తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత బొటనవేలితో రెండో ఖాళీ గుంట నొక్కి చూసి అడిగాడు. "మరి ఇదో?"

"తెలీదు మావయ్యా."

"తెలవదు" అని తనూ అనుకున్నాడు, నెమ్మదిగా.

పాత అట్ట తిరిగి నా చేతిలో పెట్టి, "నీ మిషనుకి ఉంచుకో" అన్నాడు. కొత్తది చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆటో దాకా వచ్చి ఎక్కించాడు. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఇంటి వైపు వెళుతూ వీధి మధ్యలో ఆగి, జేబులో అట్ట ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. నాలుగడుగులు వేసి ఇంకోసారి చూసుకున్నాడు.